పంకా వెనకే ఉంది

తిప్పేశాడు. నేను కిరసనాయిలు లైనులో నిలబడి ఇంటికొచ్చేలోపల, నా విమానానికి వెనకున్న పంకా ఊడదీసి ముందుకు తిప్పేసి, ఏమీ ఎరగనట్టు గోడవైపు తిరిగి గుర్రు పెట్టి పడుకున్నాడు మా ఆయన. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి, నిద్ర చెడుతుందేమో పాపం అని చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళిన నాకు ఈ శాస్తి కావలసిందే. అప్పటి ఆ గుర్రు దొంగ గుర్రన్నమాట. నేను వీధి మలుపు తిరిగేదాకా కళ్ళు మూసుకుని ఉండి, ఆ తర్వాత లేచి, షెడ్డు వడ్రంగి దగ్గర నేను అడిగి తెచ్చుకున్న సరేసు జిగురు ముక్క తీసి, నా పులుసు గిన్నెలో కరగబెట్టి, తీరిగ్గా కూర్చుని పని కానిచ్చాడు. గిన్నె కడగనైనా కడగలేదు. ఇల్లంతా తోళ్ళు ఉడికిన కంపు. ఇక ఆ గిన్నెలో పులుసు కాచేదెలా? కాస్తాను, కాచి ఈయనకే పోస్తాను, తాగనీ. అసలు అడగాలి కదా. నాలుగు నెలలు నేను పుల్ల పుల్లా చెక్కి, దారం దారం బిగించి కట్టుకున్నదాన్ని ముట్టుకునే ముందు, ఒలే ఇది మార్చనా అని ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? అడిగితే వద్దంటానని తెలుసు. తెలిసే చేశాడు.

గంటలో మా మరిది శంకరరావు వచ్చేస్తాడు దీన్ని పట్టుకుపోవడానికి. ఇవాళ సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో స్టాఫు ఇళ్ళవాళ్ళ చేతిపనులన్నీ బల్లల మీద పెట్టి చూపిస్తారు. యుద్ధ నిధికి చందాలు రావాలట, అందుకని. కమిటీలో మరిది కూడా ఉన్నాడు. పూసల చిలకలు, గవ్వలు అంటించిన డబ్బాలు, ఊలు మఫ్లర్లు. బిలాస్‌పూర్ ఎండలో మఫ్లరు ఎవరు చుట్టుకుంటారో గాని అవే ఎక్కువ వచ్చాయట. వాటి మధ్య నా విమానం. చీటీ మీద నా పేరు కూడా రాయలేదు, ‘గార్డు గోవిందరావుగారి భార్య’ అని రాశారు. చిన్నమ్మి అనేది ఒక పేరా అనుకున్నారేమో. అది పోనీ. పేరు పోతే పోయింది, పంకా మాత్రం పోనివ్వను. అందుకే వెనక వరండాలో పీట వేసుకుని, దీన్ని ఒళ్ళో పెట్టుకుని, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ అతుకు చుట్టూ చుట్టి కూర్చున్నాను. సరేసు ఎంత గట్టిగా పట్టినా వేడికీ తడికీ మెత్తబడుతుంది, కానీ దానికి వ్యవధి కావాలి. తొందరపడి లాగితే వెదురు చీలిపోతుంది. చేతులకి పని లేకుండా ఇలా కూర్చుంటే కోపం ఎక్కడికి పోతుంది, వడగాలితో పాటు నా తల చుట్టూనే తిరుగుతోంది.

ఏం చేశాడో చూడండి. ఒకదాని మీద ఒకటి రెండు పెద్ద రెక్కలు, మధ్యలో నిలువు పుల్లలు. కింది రెక్క ముందు అంచున మనిషి కూర్చునే పీట, కాళ్ళు కిందికి వేలాడాలి. మనిషి వీపు వెనక ఇంజను. ఇంజను వెనక పంకా. ఆ పంకాకి అటూ ఇటూ పొడుగాటి వాసాలు తోకదాకా. ముందు వైపు, మనిషి కాళ్ళకి ముందు, రెండు పుల్లల చివర ఒక చిన్న రెక్క. అంతే, అది అలాగే ఉంది, నేను అలాగే కట్టాను. విరిగిన గొడుగు ఊచలు, పాత కుర్చీ బెత్తం, మా నాయన కట్టి విడిచిన పంచె, గంజి. పంకా రెక్కలు టేకు ముక్కలోంచి చాకుతో చెక్కాను, బొటనవేలు తెగితే పసుపు అద్దుకుని మళ్ళీ చెక్కాను. ఈయన ఆ చిన్న రెక్క ఊడదీసి, మిగిలిపోయిన సామాను లాగ గూట్లో పడేసి, దాని చోట పంకా అతికించాడు. అంటే ఇప్పుడు విమానం నడిపేవాడి కాళ్ళ దగ్గర పంకా. అది తిరిగితే ముందుగా వాడి కాళ్ళు తెగుతాయి. ఆ మాత్రం ఆలోచన కూడా లేదు. ముందుంటే చాలు, ఎవడి కాళ్ళు పోతే ఏం!

ఇదంతా శంకరరావు పెట్టిన చిచ్చు. మొన్న వచ్చి చూసి పగలబడి నవ్వాడు. “అరే వదినా, బిల్కుల్ ఉల్టా కట్టీసినావు. పంకా ముందుంటాది. సకర్‌భాటాలో రోజూ దిగుతన్నాయి, నాను సూస్తన్నాను కదా” అన్నాడు. చకర్‌భాటాలో యుద్ధం కోసం మైదానం చదును చేసి విమానాలు దింపుతున్నారు, నిజమే. మన నెత్తి మీంచే పోతున్నాయి, పిల్లలు వీధిలోకి పరిగెత్తి చూస్తున్నారు, వాటికి పంకాలు ముందే ఉన్నాయి, నాకేం కళ్ళు లేవా? నేను చెప్పాను. ఇది ఇప్పటిది కాదయ్యా, నేను చిన్నప్పుడు చూసింది, ముప్పై ఏళ్ళ కిందటిది, అప్పటిది ఇలాగే ఉండేది అన్నాను. అతను అన్న వైపు చూశాడు. అన్న తమ్ముడి వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మా నాయన పేరు వచ్చినప్పుడల్లా ఈ అన్నదమ్ములిద్దరూ అలాగే చూసుకుంటారు. పైకి అనరు, సొంత మేనమామ కదా. “అచ్ఛా వదినా, మావ సూసిన ఇమానమా” అన్నాడు చివరికి. మావ చూసిందే కాదు, నేనూ చూశాను అని అరిచాను. ఎవరు విన్నారు? మంచినీళ్ళు ఇమ్మన్నాడు.

పోనీ శంకరరావు ఆఫీసులో కాగితాల మనిషి. ఈయనకేమయింది? ఈయన గార్డు. పెండ్రా ఘాటు ఎక్కే గూడ్సులో చిట్టచివరి బ్రేకు పెట్టెలో కూర్చుని పోతాడు. ఆ ఎక్కుడు ముందరి ఇంజను ఒక్కదాని వల్ల అవుతుందా? కాదు. అందుకని కింది స్టేషన్‌లో ఇంకో ఇంజను తెచ్చి బండి వెనక, ఈయన బ్రేకుకి ఆనించి పెడతారు. బేంకరు అంటారు దాన్ని. అది వెనకనుంచి తోస్తుంటే బండి కొండెక్కుతుంది. ఈయన బ్రేకు వెనక నిలబడితే దాని పొగ ఈయన మొహం మీదే కొడుతుంది, ఆ మసి చొక్కాలు నేనే ఉతుకుతున్నాను. ఇంజను వెనకుండి తోయడమంటే ఏమిటో ఈ కాలనీలో ఈయనకంటే ఎవరికి బాగా తెలియాలి? ఆ ఊరూ ఈ ఊరూ వాళ్ళు నవ్వారంటే అర్థముంది. రోజూ వెనకనుంచి తోయించుకుంటూ ఘాటెక్కే మనిషి, ఇంజను వెనకుంటే అది నడుస్తాదేటి అని నన్ను అడుగుతాడు. మా నాయన ఆ బేంకరు మీదే బొగ్గు వేశాడు, ఆ బేంకరే నడిపాడు, ఆ బేంకరు మీదే నెరిశాడు. ఆరోజు అర్పా ఏటి ఇసుకలో ఆ విమానం చూసి ఆయన మొదట అన్న మాట కూడా అదే. “సూసినావా సిన్నమ్మీ, మన బేంకరే! ఎనకనించి తోస్తాది” అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఇప్పటికీ నా చెవిలో ఉంది. దొరలకీ గాల్లోకి పోవడానికి బేంకరే కావలసి వచ్చిందని ఆయనకి ఎంత గర్వమో.

గుడ్డ చల్లారిపోయింది. మళ్ళీ ముంచాను, చెయ్యి చుర్రుమంది. అతుకు ఇంకా బిగిసే ఉంది. ఈయన ఏ పనైనా అంతే, చాలినదానికి రెండింతలు పూస్తాడు. ఆ విమానం చూసినప్పుడు చలికాలం. అమ్మ బాలింత, తమ్ముడు పుట్టి వారమో ఏమో, ఇంట్లో వాము పొగ. నన్ను బయటికి తీసుకుపోతే అమ్మకి కాస్త ఊపిరాడుతుందని నాయన నా చెయ్యి పట్టుకుని ఏటి దాకా నడిపించాడు. కలకత్తా వైపు నుంచి ఎవడో దొర పెట్టెల్లో విమానం పెట్టుకుని గూడ్సులో పోతూ ఇక్కడ ఆగాడట. టిక్కెట్టు పెట్టి ఆడించి చూపిస్తాడట. సర్కండా వైపు ఇసుకలో తాళ్ళు కట్టారు. జనం పెద్దగా లేరు, ఊరంతా వచ్చారని తర్వాత చెప్పుకున్నారు గాని నేను చూశాను కదా, లేరు. పెట్టెలు మోసినందుకు రైలువాళ్ళకి టిక్కెట్టు లేదు. నాయన నన్ను తాడు కిందనుంచి దూర్చి ముందుకు తీసుకుపోయాడు. నాకు మొదట తెలిసింది వాసన. ఆముదం వాసన. దొర ఇంజనులో ఆముదం పోస్తున్నాడు. అమ్మ నా తలకి రాసే ఆముదమే, అదే వాసన, నేను నాయన కోటు పట్టుకుని దానికి తలంటుతారా అని అడిగాను. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఇంజనుకి ఆముదమేటి అంటారు. నేను ఏడేళ్ళప్పుడు ఆముదాన్ని కల్పించి చెప్పాలా?

దొర బూట్లకి తడి ఇసుక పట్టిందని విప్పేసి, మేజోళ్ళతోనే ఎక్కి కూర్చున్నాడు. ముందు అంచున, కాళ్ళు కిందికి వేలాడేసి. నేను వాడికి ఎదురుగా నిలబడ్డాను. ఎడమ కాలి మేజోడు చిరిగి బొటనవేలు బయటికి వచ్చి ఉంది. ఎర్రటి వేలు, గోరు నల్లగా. దొరల మేజోళ్ళు కూడా చిరుగుతాయా అని నాకు ఎంత ఆశ్చర్యమో. శంకరరావూ, మీ పంకా ముందుండి ఉంటే నాకు ఆ వేలు ఎలా కనిపిస్తుందయ్యా? వాడికీ నాకూ మధ్య ఏమీ లేదు, ఆ చిన్న రెక్కా గాలీ తప్ప. వాడి వీపు వెనక, వాసాల మధ్య దూరి ఒక మనిషి పంకాని చేత్తో పట్టుకుని తిప్పాడు, తిప్పి వంగి పరిగెత్తాడు. పెద్ద చప్పుడు. వెనక నిలబడ్డవాళ్ళ మీద ఇసుక లేచింది, మొహాలు కప్పుకుని పారిపోయారు, ఒకడి తలగుడ్డ ఏట్లో పడింది. ముందున్న మా మీద రేణువు పడలేదు. ఇంత చూశాను. ఇంతా చూసి, ముప్పై ఏళ్ళు మోసి, వేళ్ళు కోసుకుని కట్టి పెడితే, కిరసనాయిలు సీసాతో గుమ్మం ఎక్కేసరికి తిప్పేసి ఉంది.

అడగదలిస్తే సాక్షులు లేకపోలేదు. కాలనీలో ఆనాటివాళ్ళు మిగల్లేదు, కొందరు బదిలీ మీద పోయారు, కొందరు ఆ ఇన్‌ఫ్లుయెంజా ఏడు పోయారు. కానీ సర్కండా నుంచి కూరలు తెచ్చే ముసలామె ఉంది. పోయిన నెల ఈ వరండాలోనే, ఈ రెక్కలు గంజి పెట్టి ఆరవేస్తుంటే, తల మీద గంప దించి నిలబడిపోయింది. చిరై గాడీ అంది, పిట్ట బండి అని. నువ్వూ చూశావా అన్నాను. “హవ్, దేఖే రహేఁవ్” అంది, ఆఁ చూశానుగా అని, అదేదో నిన్నటి సంగతి అయినట్టు, దోసకాయలు ఏరుతూ. నేను పరిగెత్తి వెళ్ళి ఈయన్ని లేపాను. ఈయన కళ్ళు నులుముకుంటూ వచ్చి, “దోసకాయలు అమ్ముడవ్వాలంటే ఆల్లు ఏదన్నా సూసినామంటారు” అని మళ్ళీ పోయి పడుకున్నాడు. నా మాట ఆడమాట, ఆమె మాట కూరలమ్మే మాట, మా నాయన మాట బొగ్గు మాట. ఇవాళ ఇన్‌స్టిట్యూట్‌లో ఏ దొరైనా సిగరెట్టు తీసి, అవును పాతవి ఇలాగే ఉండేవి అంటే చాలు, అన్నదమ్ములిద్దరూ మేం ముందే చెప్పాం అంటారు. అలాంటి దొర ఎవడూ రాకూడదని కోరుకుంటున్నాను. వాడు చెబితే నమ్మే నిజం నాకక్కర్లేదు.

కొలత ఎక్కడిది అని అడిగాడు శంకరరావు. స్కేలు ఉండాలట, లేకపోతే అది బొమ్మ అవుతుంది గాని మోడల్ అవదట. ఉంది నాయనా, స్కేలు ఉంది. మా నాయన ఆరోజు ఆ పై రెక్క కింద నిలబడి చెయ్యెత్తాడు, వేళ్ళ చివర రెక్క అంచుకి తగిలాయి. కింది రెక్క ఆయన మోకాలి పైకి ఉంది. చక్రం ఆయన మోకాలికి తక్కువ. ఆ లెక్కన మా నాయన ఎత్తు నా జానెడు అనుకుని తక్కినవన్నీ కట్టాను. ఆయన అడుగులు వేసి చూశాడు రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ అడుగులు కూడా అలాగే తగ్గించాను. ఆయన నడక నాకు తెలుసు, పెద్ద అంగలు వేసే మనిషి కాదు. దీంట్లో మా నాయన లేనిది ఏదీ లేదు, రెక్కల గుడ్డ కూడా ఆయనదే. ఈయన పంకా తిప్పినప్పుడు తిప్పింది ఎవరినో ఈయనకి తెలుసా?

తెలుసు. తెలిసే ఉంటుంది. పోయిన ఏడాది మా నాయన పోయాడు. పదోరోజు భోజనాల దగ్గర, విస్తళ్ళ ముందు కూర్చుని, బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో ఆయనతో గడిపినవాళ్ళలో ఎవడో అన్నాడు, “గాలోడ ఎర్రయ్య గాలోడెక్కి ఎల్లిపోనాడ్రా” అని. ఆయన పేరు కాలనీలో అదే, గాలి ఓడ ఎర్రయ్య. విమానం కబుర్లు చెప్పీ చెప్పీ ఆ పేరు తెచ్చుకున్నాడు. పంక్తి పంక్తంతా నవ్వారు. నేను పప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నవ్వేవాళ్ళు నవ్వనీ, పరాయివాళ్ళు. మూడో విస్తరి ముందు కూర్చున్న ఈయన నవ్వాడు. సొంత మేనల్లుడు, సొంత అల్లుడు, ఆ మనిషి ముద్ద తిని పెరిగినవాడు, ఆ మనిషే పట్టుకొచ్చి రైల్లో పనిలో పెడితే బతికినవాడు, తల వంచుకుని భుజాలు అదురుతుండగా నవ్వాడు. నేను పప్పు వడ్డించాను. ఆ రోజే అనుకున్నాను, ఆయన చూసింది చూసినట్టు కట్టి వీళ్ళ మొహాల ముందు పెడతానని. ఇదిగో నువ్వు నవ్విన గాలి ఓడ, దీనికి చక్రాలున్నాయి, పంకా ఉంది, వెనక ఉంది, మా నాయన అబద్ధాలకోరు కాదు అని.

అబద్ధాలకోరు కాదు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఎప్పుడూ వేరే ఏదో పని వెతుక్కుంటుంది. నీళ్ళు కాగాయా లేదా, గుడ్డ చల్లారిందా లేదా. చల్లారలేదు, ఇప్పుడే ముంచాను. సరే. ఆ విమానం ఇసుక మీద పరిగెత్తింది. మా ముందు నుంచే పోయింది, నాయన నన్ను చంకలోకి లాగాడు. చక్రాలకీ వాటి నీడకీ మధ్య ఎండ కనిపించింది. అంతే, మోకాలెత్తు లేచింది, ఆ ఎండ నేను చూశాను. ఇంకా లేస్తుందనుకుంటుండగా కిందికి దిగి, తడి ఇసుకలో చక్రం దిగబడి, ముక్కు నేలకి కొట్టుకుని ఆ చిన్న రెక్క విరిగింది. దొర బయటికి దూకి మేజోళ్ళతో ఇసుకని తన్నాడు. జనం ఈలలు వేశారు. సాయంత్రానికి మళ్ళీ పెట్టెల్లో పెట్టి గూడ్సు ఎక్కించేశారు. తిరిగి వచ్చేటప్పుడు నాయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి డ్యూటీకి పోయి, రన్నింగ్ రూములో ఏం చెప్పాడో ఏమో, కుళాయి దగ్గర ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను, విమానం అర్పా వంతెన మీంచి ఎగిరి, ఒక చుట్టు తిరిగి వచ్చి దిగిందట, ఎర్రయ్య కళ్ళారా చూశాడట. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథే. బేంకరు, ఆముదం, మేజోడు అన్నీ ఉన్నది ఉన్నట్టే చెప్పేవాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి నన్ను చూసేవాడు కాదు. “సిన్నమ్మీ, నీల్లట్రా” అనేవాడు. నేను నీళ్ళు తెచ్చేసరికి విమానం వంతెన దాటి తిరిగి వచ్చేసి ఉండేది. వంతెన ఎక్కించకుండా ఉంటే ఎవరూ నవ్వేవారు కాదేమో, ఇంజను వెనకుందన్నా నమ్మేవారేమో. ఏమో. ఆ సంగతి నాకు మాత్రమే తెలుసు, నాతోనే పోతుంది. అడిగినవాడు ఇంతవరకూ లేడు.

కదిలింది. అతుకు కొద్దిగా జారింది. ఊపిరి బిగబట్టి ఇంకోసారి గుడ్డ చుట్టి, లెక్కపెట్టకుండా ఓర్చుకుని, బొటనవేలితో నెమ్మదిగా నెట్టాను. వచ్చేసింది. వెదురు చీలలేదు. పంకాకి అంటిన జిగురు పైటతో తుడిచి, ఇంజను వెనక దాని చోట దాన్ని పెట్టాను. పులుసు గిన్నెలో అడుగున మిగిలినదాన్ని వెచ్చచేసి చుక్క అద్దాను, దారంతో రెండు వైపులా బిగించి కట్టాను. గూట్లోంచి చిన్న రెక్క తెచ్చి ముందు పుల్లలకి కట్టాను. ఎప్పుడు ఆగిందో లోపల గుర్రు ఆగిపోయింది. తల తిప్పితే ఈయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుని.

“తీసీసినావా” అన్నాడు.

“తీసీసినాను.”

“నవ్వుతారే, సిన్నమ్మీ.”

“నవ్వనీ. మా నాయన పదోనాడు నువ్వు నవ్వినావు కదా బావా. ఆల్లు కొత్తగా నవ్వేదేటి?”

అనేశాను. ఏడాదిగా గొంతులో పెట్టుకున్నదాన్ని అనేశాను. అరుస్తాడనుకున్నాను, అరిస్తే నేనూ అరవడానికి సిద్ధంగా ఉన్నాను. ఈయన అరవలేదు. గడప మీద కూర్చున్నాడు. వడగాలికి కళ్ళు చికిలించి నా ఒళ్ళో ఉన్నదాన్ని చూశాడు. “నవ్వినాను” అన్నాడు. “నేదనను. అందుకేనే తిప్పినాను. మావ మీద నవ్వినట్టు నీ మీద నవ్వితే నాను సూడనేను.” కోపం మీద ఇంకో కోపం వచ్చింది నాకు. ఇంత ప్రేమ ఉన్న మనిషి నోరు తెరిచి ఒక్కసారి అడగొచ్చు కదా! నీ ప్రేమకి నా నాలుగు నెలల పని కావలసి వచ్చిందా? అది అందామని నోరు తెరిచాను. ఈయనే ముందు అన్నాడు.

“ఒక్కటి సెప్పు. మావని నాను ఎప్పుడూ అడగనేదు. నిన్నూ అడగనేదు. నువ్వు సూసినావు గదా. అది ఎగిరిందా?”

ఇన్నేళ్ళకి అడిగాడు. ఎగిరింది అంటే చాలు. ఈ మనిషి ఇవాళ ఏం చెప్పినా నమ్మేలా కూర్చున్నాడు, మొహంలో కనిపిస్తోంది. ఎగిరింది బావా, వంతెన మీంచి పోయింది, మా నాయన చెప్పినట్టే. ఆ ఒక్క మాటతో ఆయన నిజాయితీపరుడైపోతాడు, ఈయన పదోరోజు నవ్వినందుకు తల ఎత్తలేడు, నేను కట్టింది కట్టినందుకు ఫలితం దక్కుతుంది. మాట నాలుక మీదికి వచ్చింది. ఒళ్ళో ఉన్నదాన్ని చూశాను. దీని చక్రాలు పీఠానికి ఆనించి కట్టాను నేను. శంకరరావు తీగతో గాల్లోకి వేలాడదీద్దామంటే వద్దన్నాను, ఎందుకో అప్పుడు చెప్పలేదు. ప్రతి పుల్లా ఉన్నది ఉన్నట్టు కట్టి, పంకా కోసం మొగుడితో ఇంత పోట్లాడి, ఇప్పుడు దీన్ని నేనే వంతెన మీంచి ఎగరెయ్యాలా?

“నేదు బావా” అన్నాను. “మోకాలంత నేచింది. పడిపోయింది. సక్రం ఇసకలో దిగిపోనాది.”

ఈయన నెమ్మదిగా తల ఊపాడు. “అయితే నిజంగానే సూసినావు” అన్నాడు. “ఎగిరిందని అనుంటే నమ్మీవోణ్ణి కాదు.”

వీధిలోంచి శంకరరావు గొంతు వినిపించింది, “వదినా, తయారేనా?” అని. ఈయన లేచి, నా ఒళ్ళోంచి విమానాన్ని రెండు చేతులతో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, “తయారేరా. పంకా ఎనకే ఉంతాది. ఎవులైనా నవ్వితే నాకు సెప్పు” అంటూ ముందు గదిలోకి నడిచాడు. గెలిచాను. కోరుకున్నదంతా అయింది, నా మాట నమ్మాడు, పంకా వెనకే పోతోంది. పీట మీద నేను కదలకుండా కూర్చున్నాను, తడి గుడ్డ చేతిలో చల్లారిపోతోంది, కోపం మాత్రం చల్లారలేదు, ఇంకా పెరిగింది. వీళ్ళ మీద కాదు. నేను నిజం చెబితే నన్ను నమ్మాడు, ఆ నిజంతోనే నిన్ను అబద్ధాలకోరుని చేశాను నాయనా, నీ పరువు నిలబెడదామని కూర్చున్న నేనే. నీ బేంకరు నిజం, నీ ఆముదం నిజం, చక్రం కింద ఆ ఎండ నిజం. అది చాలదని నీకెవరు చెప్పారు? నేను ఏడేళ్ళదాన్ని, నాకు చాలింది కదా. మోకాలెత్తు లేచినా లేచినట్టే కదా నాయనా, అంతే చెప్పి ఉంటే నీకేం తక్కువైపోయేది?